మింగనివాడి తీర్పు

మా బావ గురించి చెప్పాలంటే ముందు ఆయన నాలుక గురించి చెప్పాలి. ఆయన కూడా దాని గురించి తప్ప ఇంకేమీ చెప్పడు. ఆ నాలుకతో ముప్ఫై రెండేళ్ళుగా ఒక టీ కంపెనీలో టీ రుచి చూస్తున్నాడు. చూడటమే, తాగడం కాదు. తాగేవాళ్ళంటే ఆయనకు చులకన.

నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. కుర్చీలో పడుకున్నవాళ్ళ నోట్లోకి దీపం తిప్పడం, డాక్టరు అడిగిన సామాను అందించడం, చివర్లో పుక్కిలించి ఉమ్మమని చెప్పడం నా పని. రోజుకు పాతిక ముప్ఫై నాలుకలు చూస్తాను. ఒకసారి బావ పిప్పిపన్ను తీయించుకోవడానికి వచ్చినప్పుడు ఆ నాలుకను కూడా దగ్గరనుంచి చూసే భాగ్యం కలిగింది. మామూలు నాలుకే. పైన కాస్త తెల్లటి పాచి కూడా ఉంది. మా దగ్గరకొచ్చే ప్రతివాడూ పుక్కిలించి ఉమ్మే పోతాడు, ఒక్కడికీ దాని మీద జీతం రాదు, బావకు మాత్రం వస్తుంది.

నాలుకరాయుడని నేనే ఆయనకు పేరు పెట్టాను. మరదలిని కాబట్టి ఎదురుగానే అంటాను. బావామరదళ్ళ మధ్య ఆ మాత్రం చెల్లుతుంది. ఆయన నవ్వడు, కోప్పడడు. "నాలుక విలువ నీకేం తెలుసులే" అంటాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఒక రోజు ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి ఆ రుచి చూసే గదికి వెళ్ళాను. గోదాము పైన మూడో అంతస్తులో పొడుగాటి గది. ఎండ సూటిగా పడని వైపే కిటికీలన్నీ ఉన్నాయి. పొడుగు బల్ల మీద తెల్ల గిన్నెలు వరసగా పెట్టారు, ఒక్కో గిన్నె వెనక మూతున్న చిన్న కుండ ఉంది. చిటికెడు టీ తూచి కుండలో వేసి మరిగే నీళ్ళు పోస్తారు. ఆరు నిమిషాలకు గంట మోగుతుంది, డికాషను గిన్నెల్లోకి వంచుతారు. అప్పుడు మా బావ చెంచా పట్టుకుని బయలుదేరతాడు. చెంచాడు టీ నోట్లోకి ఎంత గట్టిగా జుర్రుతాడంటే ఆ చప్పుడు కింద మెట్ల దగ్గరికి వినిపిస్తుంది. నోట్లో రెండు సార్లు తిప్పి, పక్కన చక్రాల మీద నడిచే ఇత్తడి తొట్టిలో ఉమ్మేస్తాడు. వెనకనే ఒక గుమస్తా పుస్తకం పట్టుకుని నడుస్తాడు. "వగరు చాలదు." "పొగ వాసన." "చప్పన." "పనికిరాదు." గుమస్తా రాసుకుంటాడు. మధ్యాహ్నంలోపు మూడు వందల గిన్నెలు. ఒక్క చుక్క కడుపులోకి పోదు. "ఇన్నేళ్ళలో డ్యూటీలో ఒక్క గుక్క మింగలేదు నేను" అంటాడు, ఎన్నడూ లంచం ముట్టలేదని చెప్పుకునేవాళ్ళ గొంతుతో.

ఆ రోజు నన్ను గుమ్మం దగ్గరే ఆపేశాడు. నా తలనూనె వాసన గిన్నెల్లోకి పోతుందట. కళ్ళజోడు గుమస్తా వచ్చి తీసుకున్నాడు.

సరే, ఆఫీసు ఆయనది, అక్కడ ఎలా ఉన్నా నాకేం. కానీ ఆ నాలుకను రోజూ సాయంత్రం ఇంటికి తెస్తాడు కదా, బాధంతా అక్కడ. మా అక్కకు పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఉల్లిపాయ కోయలేదు. వెల్లుల్లి గుమ్మం దాటలేదు. మిరపకాయ అనే మాట వింటేనే ఆయన నాలుక మొద్దుబారుతుందట. వాసన సబ్బు వాడకూడదు, సెంటు పూసుకోకూడదు, మసాలా వేయకూడదు. ఉడికించిన కూరలు, ఉప్పు కూడా తగ్గించి. ఆ ఇంట్లో రెండు రోజులున్నానంటే నాకు ఆసుపత్రిలో ఉన్నట్టుంటుంది. పైగా ఆయన ఆఫీసు నుంచి రాగానే నోరు శుభ్రపడటానికి దానిమ్మ గింజలు కావాలి. గిన్నెలో, చెంచా వేసి, ఒక్క తెల్ల పొర కూడా లేకుండా. పండు ఎలా కోస్తారో, ఎలా వలుస్తారో ఆయనకు తెలియదు. గింజలు గిన్నెలోనే కాస్తాయని అనుకుంటాడేమో.

మా అక్కను చూసి బంధువులందరూ నోట్లో నాలుక లేని మనిషి అంటారు. ఉన్న ఒక్క నాలుకకే ఆ ఇంట్లో చోటు చాలడం లేదు, ఇంకోదాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది. నేను వెళ్ళినప్పుడల్లా వంటింట్లో స్టూలు మీద కూర్చుని బావను తిడతాను, అక్క పని చేసుకుంటూ వింటుంది. ఆయన జుర్రడాన్ని అనుకరిస్తే నవ్వుతుంది. "ఊరుకోవే, వింటారు" అంటుంది. అంతకు మించి మాట్లాడదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంట్లో అందరం అమ్మడు అంటాం. దానికి తొమ్మిదేళ్ళున్నప్పుడు బావ బల్ల మీద ఐదు గిన్నెలు పెట్టి, ఏ రెండింట్లో ఒకే టీ ఉందో చెప్పమన్నాడు. అది తప్పు చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పాపం, చెంచా మూతికి తగిలి డ్రెస్సు మీద ఒలకపోసుకుంది కూడా. "దీనికి నాలుక లేదు" అని తేల్చేశాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ పరీక్ష పెట్టలేదు. ఎవరైనా చుట్టాలొచ్చి, కూతురికి మీ విద్య నేర్పిస్తున్నారా అంటే, దాని ఎదురుగానే, "లాభం లేదండీ, వాళ్ళమ్మ పోలిక. నాలుక లేదు" అనేవాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఒకసారి అన్నాక ఇక ఆయన మాటకు తిరుగులేదు.

ఆ పిల్ల పెరిగి, పులియబెట్టే సూక్ష్మజీవుల గురించి ఏదో పెద్ద చదువు చదివి, చిన్న బీరు ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చుకుంది. పెద్ద కంపెనీ కాదు. పాత బట్టల గోదాములో ఆరు స్టీలు ట్యాంకులు పెట్టుకుని, రకరకాల బీర్లు కొద్దికొద్దిగా కాచి అమ్మే చోటు. "నా కూతురు సారా కాస్తోంది" అన్నాడు బావ. "సారా కాదు బావా, బీరు" అన్నాను నేను. "రెండూ మింగేవే కదా" అన్నాడు.

అక్కడ అమ్మడు సొంతంగా ఒక బీరు తయారుచేసింది. టీ, దానిమ్మ కలిపి. టీ ఆకును పన్నెండు గంటలు చన్నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళను, దానిమ్మ రసాన్ని పులిసిన బీరులో కలుపుతుంది. మొదట పరీక్షగా పది లీటర్లు చేసింది. నాకు ఒక సీసా తెచ్చింది. నాకు బీరు పెద్దగా తెలియదు గానీ అది బాగుంది, అబద్ధమెందుకు. టీ వాసన ముందు వచ్చింది, పండు వెనక వచ్చింది, పూర్తయ్యాక ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. ఫ్యాక్టరీ యజమానురాలికి కూడా నచ్చింది. ఆవిడ ఎప్పుడూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని తిరుగుతుంది, అక్కడందరూ బూట్లావిడ అంటారు. ఆవిడ వెంటనే నాలుగు వందల లీటర్లు కాయమంది.

ఆ నాలుగు వందల లీటర్లు పాడయ్యాయి. మురిగిపోలేదు, పులుపెక్కలేదు, కానీ తాగితే ఏదో గొంతు పట్టుకునే గరుకుతనం. ఏమిటో తెలియలేదు. మొత్తం కాలవలో పోశారు. రెండోసారి కాచింది. అలాగే వచ్చింది. అది ట్యాంకులో ఉండగానే బూట్లావిడ చెప్పేసింది, లోపం ఎక్కడుందో చెప్పగలిగితే మూడోసారి కాద్దాం, లేకపోతే ఈ బీరు సంగతి మరిచిపో, వెళ్ళి సీసాలు కడిగే దగ్గర పనిచెయ్యి అని.

అమ్మడు మా క్లినిక్‌కి వచ్చింది. రోగులు లేని సమయం చూసి, పెద్ద కుర్చీలోనే కూలబడింది.

"నాన్నను పిలుస్తాను పిన్నీ" అంది.

"నీకేమైనా పిచ్చా?"

"తేడా టీ వల్లే వస్తోందని అందరూ అంటున్నారు. టీ గురించి నాన్నకంటే తెలిసినవాళ్ళెవరున్నారు?"

"ఆయనొచ్చి లోపం చెప్పడే. నీకు నాలుక లేదని చెబుతాడు."

"చెబితే చెప్పనీ." కాసేపు దీపం వైపు చూసింది. "నాకూ అదే అనుమానం పిన్నీ. నోట్లో పెట్టుకుంటే ఏదో తప్పుందని తెలుస్తోంది, ఏంటో తెలియట్లేదు. ఆయన కూడా నాది తప్పంటే ఇక మానేస్తాను. సీసాలు కడగను, ఏమీ చెయ్యను. వేరే పని చూసుకుంటాను."

ఇరవై ఆరేళ్ళు వచ్చాయి, అంత చదువు చదివింది, ఇంకా ఆ తొమ్మిదేళ్ళప్పటి ఐదు గిన్నెల దగ్గరే నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. దాని మీద కాదు.

బావ ఒప్పుకున్నాడు. ఊరికే ఒప్పుకుంటాడా, షరతులు పెట్టాడు. ఆదివారం పొద్దున పదింటికి మాత్రమే వస్తాడు, ఎందుకంటే నాలుక ఆ సమయానికే పదునుగా ఉంటుంది. ముందు రోజు నుంచీ ఇంట్లో ఉప్పు లేని భోజనం. తన చెంచా తనే తెచ్చుకుంటాడు. ఉమ్మడానికి తొట్టి ఉండాలి. బీరు ఫ్యాక్టరీలో ఉమ్మితొట్టి ఎందుకుంటుంది? అందుకని ఇంట్లో స్టీలు బకెట్టు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడంటే అక్క మోసింది. బస్సులో అక్క ఒళ్ళో బకెట్టు, ఆయన జేబులో చెంచా. నేను ఊరుకుంటానా, ఆదివారం కదా, నేనూ వెంటపడ్డాను. అమ్మడికి తోడుగా ఉందామని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి బావ చేసే తమాషా చూడకుండా ఉండలేక వెళ్ళాను.

ఫ్యాక్టరీలో నేలంతా తడిగా ఉంది. మొలకెత్తిన బార్లీ గింజలు ఉడికిన వాసన. ట్యాంకుల ముందు ఒక బల్ల వేసి, దాని మీద ఐదారు గ్లాసులు పెట్టారు. అమ్మడు ఏప్రాన్ కట్టుకుని నిలబడి ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏప్రాన్ జేబులో పెట్టుకుంది, మళ్ళీ తీసింది. బూట్లావిడ చాలా మర్యాదగా, "మీరు రావడం మా అదృష్టం సార్" అంది. బావకు అదొక్కటే కావాలి. ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగింది.

అమ్మడు ట్యాంకు నుంచి ఒక గ్లాసు పట్టి ఇచ్చింది. బావ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు. తర్వాత చెంచా తీసి, బీరు అందులోకి తీసుకుని, తన ఆఫీసు పద్ధతిలో ఒక్క జుర్రు జుర్రాడు. టీలో గ్యాసు ఉండదు కదా. నురగ ముక్కులోకి పోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు వచ్చింది. నాలుక ఖ్యాతి నిలబెట్టాలని దగ్గును లోపలే నొక్కేశాడు గానీ చెవులు కందిపోయాయి. నేను ట్యాంకు వైపు తిరిగి ఏదో చదువుతున్నట్టు నటించాను. రెండో చెంచా జాగ్రత్తగా తీసుకున్నాడు. నోట్లో తిప్పాడు, పెద్ద చప్పుడుతో బకెట్టులో ఉమ్మేశాడు.

అక్కడ పనిచేసేవాళ్ళు ముగ్గురు నలుగురు చూస్తున్నారు. ఉమ్మేసరికి వాళ్ళ మొహాలు అదోలా అయిపోయాయి. వండినవాళ్ళ ఎదురుగా అన్నం ఉమ్మినట్టే కదా.

అమ్మడు మెల్లగా, "మింగాలి నాన్నా" అంది.

"ఏంటి?"

"బీరు మింగితేనే తెలుస్తుంది. మాకు రుచి చూడటమంటే మింగడమే. చేదైనా ఇంకేదైనా గొంతు దాటాకే బయటపడుతుంది. లోపం కూడా అక్కడే ఉంది."

బావ చెంచాను జేబు రుమాలుతో తుడిచాడు. "మింగితే వాడు తాగుబోతు. ఉమ్మితే వాడు నిపుణుడు. ముప్ఫై రెండేళ్ళు నేను మింగకుండానే చెప్పాను, ఒక్క లాటు సరుకు కూడా వెనక్కి రాలేదు. నాకు గొంతుతో పని లేదు. నాలుక చాలు."

మూడో చెంచా కూడా ఉమ్మాడు. పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, మేమందరం ఎదురుచూస్తున్నామని తెలిసి కావాలనే ఇంకాస్త ఆలస్యం చేసి, తీర్పు చెప్పాడు.

"ఇది వగరు. చాలా వగరు. కారణం సుళువు. మీరు వాడిన టీ చెత్త. గోదాము నేల ఊడ్చిన పొడి. ఎవడో మీకు అంటగట్టాడు."

అమ్మడు ఏదో అనబోయి ఆగింది. బూట్లావిడ గది మూలకు వెళ్ళి సగం ఖాళీ అయిన టీ సంచి లాక్కొచ్చింది. సంచి మీద బావ కంపెనీ ముద్ర ఉంది. దాని కింద ఒక చీటీ, చీటీ మీద లాటు నంబరు, రుచి చూసి ఆమోదించినవారి సంతకం. ఆ సంతకం నాకు తెలుసు. మా అక్క పెళ్ళి రిజిస్టరులో కూడా ఉంది, పెద్ద తోకతో.

"ఇది మీ నాన్నగారి సంతకమేనా?" అని బూట్లావిడ అమ్మడిని అడిగింది. అడగడంలో వెటకారమేమీ లేదు, పాపం, నిజంగానే అడిగింది.

బావ చీటీ చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాడు. ఇప్పుడైనా సిగ్గుపడతాడని నేను ఆశపడ్డాను. కింద పడ్డా నాదే పైచేయి అనేవాడికి సిగ్గెక్కడిది.

"టీ మంచిదే అయితే మరీ ఘోరం" అన్నాడు. "మంచి టీని పాడుచేశారన్నమాట. ఎక్కువసేపు నానబెట్టింది. ఎంతసేపు నానాలో చెప్పేది నాలుక, గడియారం కాదు. అది దీనికి లేదు. నేను చిన్నప్పుడే చెప్పాను."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ఈయన మద్దెల తనదేనని తేలాక, పక్కన నిలబడ్డ కూతుర్ని ఓడు అన్నాడు.

"చన్నీళ్ళలో నానబెట్టాను నాన్నా. చన్నీళ్ళలో వగరు అంతగా దిగదు కదా" అంది అమ్మడు.

"నీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

అంతే. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టి ఏప్రాన్ ముడి విప్పింది. మడతపెట్టింది, జాగ్రత్తగా, నాలుగు మడతలు. బల్ల మీద పెట్టింది. బూట్లావిడ ఆపుతుందేమోనని చూశాను. ఆవిడ సంచి వైపే చూస్తోంది. నాకు బావ చెంపలు రెండూ వాయించాలనిపించింది. నోటికి ఎప్పుడూ మాటల కొదవ లేని నేను, అప్పుడు ఒక్క మాట అనలేకపోయాను. ఏమంటాను, నాకు బీరు తెలియదు, టీ తెలియదు. తిట్టడమొక్కటే తెలుసు.

"ఆగవే" అంది మా అక్క.

ఎవరు అన్నారో ఒక క్షణం అర్థం కాలేదు. చూస్తే అక్క చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. అందరం బావను చూస్తున్నప్పుడు తను ఒక గ్లాసు తీసుకుని మొత్తం తాగేసింది. బకెట్టు పక్కన నిలబడి, ఒక్క చుక్క కూడా మిగల్చకుండా.

"ఇది టీ వగరు కాదు" అంది.

"నువ్వు ఊరుకో" అన్నాడు బావ.

అక్క ఆయన వైపు చూడలేదు. కూతురితోనే చెప్పింది. "టీ వగరు నాలుక మీద ఉంటుంది. కాసేపటికి పోతుంది. ఇందులో అదీ ఉంది, బాగానే ఉంది. ఇంకోటి ఉంది, అది మింగేదాకా తెలియలేదు. గొంతు వెనక పట్టుకుంది, ఇంకా వదలట్లేదు. దానిమ్మకాయలో గింజల మధ్య తెల్ల పొర ఉంటుందే, అది నోట్లోకి పోతే ఇలాగే ఉంటుంది. పండ్లు పొరతోనే పిండుతున్నారా మీరు?"

బూట్లావిడ, "మెషిన్లో పిండుతాం" అంది. "తొక్క తీసేసి, నాలుగు ముక్కలు చేసి వేస్తాం. నాలుగు వందల లీటర్లకి గింజలు ఎవరు వలుస్తారమ్మా?"

"మొదటి పది లీటర్లకి నేను వలిచాను" అంది అక్క. "అమ్మడు ఇంటికి పండ్లు తెస్తే, నీళ్ళ గిన్నెలో వలిచి డబ్బాల్లో పెట్టి ఇచ్చాను. నీళ్ళలో వలిస్తే పొర పైకి తేలిపోతుంది, గింజలు అడుగుకి పోతాయి. పొర తీసి పారెయ్యడం తేలిక."

అమ్మడు అప్పటికే వెనక గదిలోకి పరిగెత్తింది. అక్కడ పిండగా మిగిలిన పిప్పి డబ్బాలో ఉంది. గుప్పెడు తెచ్చి బల్ల మీద పోసింది. అందులో గింజల కంటే తెల్ల పొరే ఎక్కువుంది, నలిగి, తాడులా చుట్టుకుని. బూట్లావిడ చిన్న ముక్క తీసి నమిలి మింగింది. కాసేపు ఆగింది. తర్వాత బీరు ఒక గుక్క తాగింది. మళ్ళీ ఆగి, "అదే" అంది. అక్కడున్న పనివాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు నమిలి చూశారు. అందరూ తలలూపారు. బావ ఒక్కడే ముట్టుకోలేదు.

"ఇదంతా నీకెలా తెలిసింది?" అని అడిగాడు అక్కను. నిజంగా ఆశ్చర్యపోయే అడిగాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి వలుస్తున్నాను కదండీ. మీకు శుభ్రమైన గింజలు ఏరి పెడతాను. పొరకంటుకున్నవి పారెయ్యడం ఎందుకని నేను తింటాను."

ఆయన ఆ మాట విన్నాడో లేదో తెలియదు. విని ఉంటే ఏమైనా అనేవాడు. చెంచా జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, "నాకు ముందే అనుమానం వచ్చింది. పిల్ల తనంతట తను కనుక్కుంటుందేమో చూద్దామని చెప్పలేదు" అన్నాడు.

అమ్మడు ఆ మాట వినలేదు. పదిహేడేళ్ళుగా ఆయన నోటి నుంచి ఒక మంచి ముక్క వస్తుందేమోనని చెవులు రిక్కించిన పిల్ల, ఆ రోజు వాళ్ళమ్మ పక్కన నిలబడి, "మింగిన ఎంతసేపటికి తెలిసిందమ్మా? ముందు గొంతులోనా, నాలుక వెనకా?" అని అడుగుతూ చిన్న పుస్తకంలో రాసుకుంటోంది. ఏప్రాన్ ఎప్పుడు కట్టుకుందో నేను చూడలేదు.

బూట్లావిడ మూడోసారి కాయడానికి ఒప్పుకుంది. గింజలు, పొర వేరు చేయడానికి పెద్ద నీళ్ళ తొట్టి పెట్టిస్తానంది. తర్వాత అక్క దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈసారి మీరొచ్చి రుచి చూసి బాగుందంటేనే సీసాల్లో పోస్తాను" అంది.

"ఆవిడకేం తెలుసండీ, ఇంటి పని చేసుకునే మనిషి" అన్నాడు బావ. "నేనొస్తాలెండి."

"మీరు మింగరు కదా సార్" అంది బూట్లావిడ.

తిరుగు బస్సులో బావ ముందు సీట్లో కూర్చున్నాడు, మేమిద్దరం వెనక. ఈసారి బకెట్టు నా ఒళ్ళో ఉంది. నాకు పండగలా ఉంది. బావ నురగ మింగలేక చెవులు కందిపోవడం, సంచి మీద తన సంతకం తనే చదువుకోవడం, ముందే అనుమానం వచ్చిందనడం, ఒక్కొక్కటీ అక్క చెవిలో మళ్ళీ చెప్పాను. ఎప్పటిలాగే జుర్రి చూపించాను. అక్క నవ్వలేదు. కిటికీలోంచి చూస్తోంది.

"అది సరేగానీ అక్కా" అన్నాను, "ఇంత తెలిసిన దానివి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? కనీసం నాకైనా చెప్పాలి కదా."

అక్క నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. అడిగాను కాబట్టి చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వెప్పుడైనా అడిగావటే? వచ్చినప్పుడల్లా ఆయన గురించే మాట్లాడి వెళ్ళావు."

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ వంటింటి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నాలుక ఎంత పొడుగో, ఎంత పాచి పట్టిందో, ఎన్ని గిన్నెలు జుర్రుతుందో అన్నీ నాకు తెలుసు. మా అక్కకు ఏది ఇష్టమో, ఏది సయించదో, ఉల్లిపాయ లేని ఇంట్లో తనకు ఉల్లిపాయ తినాలనిపిస్తుందో లేదో నాకు తెలియదు. ఆయనను తిట్టడమే తన పక్షాన ఉండటమని నేను అనుకున్నాను. సిగ్గేసింది. ఇంకా సిగ్గే. ఇప్పుడు చెప్పిన దీన్ని కూడా చూడండి, మా అక్క గురించి చెబుదామని కూర్చుని, బావ దగ్గరే మొదలుపెట్టాను.